అంతరిక్షంలో మెటీరియల్ నిలుస్తుందా? ఏ పరీక్ష ఎంచుకోవాలి

కొత్త ఫిల్మ్ ఒకటి తయారైంది. లేదా ఓ పూత, లేదా 3డీ ప్రింట్ చేసిన బ్రాకెట్. ల్యాబ్‌లో లాగి చూశారు, కాల్చి చూశారు, బాగానే ఉంది. అంతలో ఎవరో ఒకరు అడుగుతారు: "కక్ష్యలో ఐదేళ్లు ఆగుతుందా?" జవాబు కోసం వెతికితే దారులు చాలా కనిపిస్తాయి. థర్మల్ వాక్యూమ్ చాంబర్, ప్లాస్మా ఆషర్, అటామిక్ ఆక్సిజన్ బీమ్, రేడియేషన్ చాంబర్, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట తగిలించడం, ఎవరి ఉపగ్రహం మీదో కాస్త చోటు అడుక్కోవడం. ఒక్కొక్కరు ఒక్కోటి బెస్ట్ అంటారు.

మొదట్లో నేను చేసిన తప్పు చెప్తాను. జింక్ ఆక్సైడ్ ఉన్న తెల్ల థర్మల్ పెయింట్ శాంపిళ్లను శూన్యంలో యూవీ (అతినీలలోహిత) దీపం కింద వారాల తరబడి ఉంచాం. చాంబర్ తెరిచి, శాంపిళ్లు బయటికి తీసి, పక్క గదిలోని స్పెక్ట్రోమీటర్ దగ్గరికి తీసుకెళ్లి కొలిచాం. దాదాపు ఏ మార్పూ లేదు. రిపోర్టులో అలాగే రాసేశాం. తర్వాత అదే పెయింట్‌ను చాంబర్ లోపలే కొలిచే ఏర్పాటున్న చోట పరీక్షిస్తే అసలు సంగతి బయటపడింది. శూన్యంలో ఉన్నంతసేపూ అది ఎండ వేడిని ఎక్కువగా పీల్చుకుంటోంది. ఆ మార్పు కూడా కంటికి కనపడని పరారుణ భాగంలో ఉంది. గాలి తగలగానే ఆక్సిజన్ ఆ గాయాన్ని మాన్పేస్తోంది. మేము కొలిచింది మానిపోయిన పెయింట్‌ను! కక్ష్యలో అలా మాన్పే గాలి ఎక్కడుంది?

అప్పటినుంచి ఎవరు సలహా అడిగినా నా మొదటి ప్రశ్న చాంబర్ గురించి ఉండదు. మీ మెటీరియల్‌ను చంపేది ఏమిటి, ఆ చావును మీరు ఎక్కడ నిలబడి చూడబోతున్నారు అని అడుగుతాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

శత్రువు ఎవరు? ఇది కక్ష్యను బట్టి మారుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో అసలు బెడద అటామిక్ ఆక్సిజన్, అంటే జంట విడిపోయి ఒంటరిగా తిరిగే ఆక్సిజన్ పరమాణువు. అది కదలకుండా ఉన్నా, మీ ఉపగ్రహమే సెకనుకు 7.7 కిలోమీటర్ల వేగంతో దాన్ని గుద్దుతుంది. ఆ దెబ్బ విలువ సుమారు 4.5 నుంచి 5 ఎలక్ట్రాన్ వోల్టులు. పాలిమర్ గొలుసులు తెగడానికి అది చాలు. దానికి తోడు దాదాపు తొంభై నిమిషాలకో ఎండ, నీడ. రోజుకు 15, 16 సార్లు, ఏడాదికి సుమారు 5,700 వేడి-చలి చక్రాలు.

36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర కక్ష్యకు వెళితే ఈ బొమ్మ మొత్తం తిరగబడుతుంది. అక్కడ అటామిక్ ఆక్సిజన్ బెడద లేదు. గ్రహణ నీడ కూడా ఏడాదికి రెండు సీజన్లలో, ఒక్కో సీజన్‌లో 45 రోజుల పాటు, రోజుకు గరిష్ఠంగా 72 నిమిషాలే. అంటే ఏడాదికి 90 చక్రాలు. కానీ ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు విపరీతం. ఇన్సులేటర్ల మీద ఛార్జ్ పేరుకుని ఒక్కసారిగా డిశ్చార్జ్ అయ్యే ప్రమాదం అక్కడే ఎక్కువ. చంద్రుడి మీద కథ ఇంకోలా ఉంటుంది. రెండు వారాల పగలు, రెండు వారాల రాత్రి, గాజు పెంకుల్లా గీరే ధూళి.

ఎలాంటి జవాబు కావాలి? "ఈ నాలుగింటిలో ఏది మెరుగు?" అన్నది ఒక ప్రశ్న. "ఏడాదికి ఎన్ని మైక్రాన్లు పోతుంది?" అన్నది ఇంకొకటి. "విరుగుతుందా, రంగు మారుతుందా, పొరలు లేస్తాయా?" అన్నది మూడోది. మొదటిదానికి చవకైన పరీక్ష సరిపోతుంది. రెండోదానికి సరిపోదు. మూడోదానికి ఒక్కోసారి అంతరిక్షం తప్ప దిక్కు ఉండదు.

కొలత శూన్యంలోనా, గాలిలోనా? పెయింట్ కథ విన్నారు కదా. పాలిఇమైడ్ (వేడిని బాగా తట్టుకునే ఒక రకం పాలిమర్) ఫిల్ముల్లో రేడియేషన్ వల్ల వచ్చే రంగు కూడా గాలి తగిలితే కొంత వెనక్కి తగ్గుతుంది. రంగు, వేడిని పీల్చే గుణం, విద్యుత్ నిరోధం మీకు ముఖ్యమైతే చాంబర్ లోపలి కొలత కోసం పట్టుబట్టండి. బరువు, మందం, ఉపరితల ఆకృతి మాత్రమే కావాలంటే తర్వాత కొలుచుకోవచ్చు.

ఎంత తొందర? పదేళ్ల ఎండను పది రోజుల్లో పోయాలని అందరికీ ఉంటుంది. దీపం తీవ్రత పెంచితే శాంపిల్ ఉడికిపోతుంది, అప్పుడు మీరు చూసేది యూవీ నష్టమో వేడి నష్టమో తెలియదు. మామూలు ఎండకు రెండు మూడు రెట్ల తీవ్రతతో ఆగడం మంచిది. రేడియేషన్‌లోనూ అంతే. ఒకే శక్తి ఉన్న ప్రోటాన్లతో మొత్తం డోసు కొట్టేస్తే అవి ఒకే లోతులో ఆగుతాయి. నిజమైన కక్ష్యలో పైపొరకు ఒక డోసు, లోపలికి ఒక డోసు పడుతుంది.

డబ్బు సంగతి వేరే చెప్పక్కర్లేదు. కింద పట్టికలో పైనుంచి కిందికి దిగేకొద్దీ మామూలుగా ఖర్చు పెరుగుతుంది.

| మార్గం | దేనికి పనికొస్తుంది | ఏది తప్పిపోతుంది | పట్టే కాలం |
|---|---|---|---|
| ఔట్‌గ్యాసింగ్ (శూన్యంలో ఆవిర్లు వదలడం) పరీక్ష | పనికిరాని వాటిని మొదట్లోనే ఏరేయడానికి | ఆయుష్షు గురించి ఏమీ చెప్పదు | రోజులు |
| థర్మల్ వాక్యూమ్ చక్రాలు | పగుళ్లు, అతుకులు, పూతలు లేవడం | రేడియేషన్, ఆక్సిజన్ | వారాలు |
| ప్లాస్మా ఆషర్ | పాలిమర్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి | వేగం, దిశ, అసలు అరుగుదల రేటు | రోజులు, వారాలు |
| వేగవంతమైన ఆక్సిజన్ బీమ్ | అరుగుదల సంఖ్య | పెద్ద శాంపిళ్లు, మిగతా శత్రువులు | వారాలు |
| యూవీ, ఎలక్ట్రాన్, ప్రోటాన్ కలిపిన చాంబర్ | భూస్థిర కక్ష్య, రంగు మార్పు, ఛార్జింగ్ | ఆక్సిజన్, నిజమైన కాలవ్యవధి | వారాలు, నెలలు |
| తిరిగిరాని అతిథి పేలోడ్ (ఇతరుల ఉపగ్రహం మీద చోటు) | కక్ష్యలో ఉండగానే కొలత | శాంపిల్ చేతికి రాదు | వారాలు, నెలలు |
| అంతరిక్ష కేంద్రం బయట | అన్నీ ఒకేసారి, శాంపిల్ తిరిగి వస్తుంది | తక్కువ కక్ష్య మాత్రమే | ఏళ్లు |

## ఔట్‌గ్యాసింగ్, థర్మల్ వాక్యూమ్: తప్పించుకోలేని రెండు

ఔట్‌గ్యాసింగ్ కొలిచే ప్రామాణిక పద్ధతి అయిన ఏఎస్‌టీఎం ఈ595 పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. చిన్న శాంపిల్‌ను శూన్యంలో 125 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఉంచుతారు. ఎగిరిన ఆవిరిలో కొంత, ఎదురుగా 25 డిగ్రీల దగ్గరున్న పలక మీద పేరుకుంటుంది. మొత్తం బరువు నష్టం 1 శాతం, పలక మీద పేరుకున్నది 0.1 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. పాసైతే మీ మెటీరియల్ మంచిదని అర్థం కాదు, పక్కనున్న లెన్సును పాడుచేయదని అర్థం. ఈ తేడా మర్చిపోయి "స్పేస్ క్వాలిఫైడ్" అని బ్రోచర్‌లో వేసుకునేవాళ్లు తక్కువేం లేరు.

థర్మల్ చక్రాలు కార్బన్ ఫైబర్ కాంపోజిట్లకు అసలు పరీక్ష. ఫైబర్ వేడికి దాదాపు వ్యాకోచించదు, రెజిన్ బాగా వ్యాకోచిస్తుంది. ఆ పేచీ వేల చక్రాల తర్వాత వెంట్రుకవాసి పగుళ్లుగా తేలుతుంది. ఇక్కడ 5,700 చక్రాలూ చేయక్కర్లేదు. ఎక్కువ పగుళ్లు మొదటి కొన్ని వందల్లోనే వచ్చి తర్వాత నెమ్మదిస్తాయేమో చూడండి. పగుళ్ల లెక్క నిలకడగా ఆగితే ఒక నిర్ణయానికి రావచ్చు, ఇంకా పెరుగుతుంటే చక్రాలు కొనసాగించాల్సిందే.

## ఆషరా, బీమ్ పద్ధతా?

పాలిమర్ల మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. కాబట్టి కాస్త ఆగుదాం.

ప్లాస్మా ఆషర్ చాలా ల్యాబుల్లో ఉంటుంది. గాలినో ఆక్సిజన్‌నో రేడియో తరంగాలతో ప్లాస్మాగా మార్చి శాంపిల్‌ను అందులో ముంచుతారు. అందులో ఆక్సిజన్ పరమాణువులు నెమ్మదైనవి, కక్ష్యలో ఉండే శక్తిలో యాభయ్యో వంతు కూడా ఉండవు. ఒకే దిక్కునుంచి కాకుండా అన్ని వైపులనుంచీ తగులుతాయి. పైగా ప్లాస్మా వెలుగులో తీక్షణమైన అతినీలలోహిత కిరణాలుంటాయి.

దీనివల్ల లెక్క ఎంత తప్పుతుందో చూడటానికి టెఫ్లాన్ కుటుంబానికి చెందిన ఎఫ్‌ఈపీ అనే పాలిమర్‌ను తీసుకోండి. అంతరిక్షంలో కాప్టన్ పాలిఇమైడ్ ఒక్కో ఆక్సిజన్ పరమాణువుకు 3.0 × 10⁻²⁴ ఘన సెంటీమీటర్లు పోగొట్టుకుంటుంది. ఎఫ్‌ఈపీ సుమారు 2 × 10⁻²⁵, అంటే కాప్టన్‌తో పోలిస్తే పదిహేనో వంతు. ఆషర్‌లో పెడితే ఎఫ్‌ఈపీ దీనికంటే ఎంతో ఎక్కువగా అరుగుతుంది, ఆ వెలుగే కారణం. ఆషర్ ఫలితం చూసి ఎఫ్‌ఈపీని పక్కన పెట్టేస్తే మంచి మెటీరియల్‌ను అన్యాయంగా వదులుకున్నట్టే. పూతల విషయంలోనూ అంతే. పూతలో సూదిమొన రంధ్రం ఉంటే ఆషర్‌లో ఆక్సిజన్ అన్ని కోణాల్లోంచి దూరి కింది పాలిమర్‌ను గుహలా తొలిచేస్తుంది. కక్ష్యలో ఆ గుహ అంత వెడల్పుగా ఉండదు.

మరి ఆషర్ వద్దా? కాదు. ఒకే కుటుంబానికి చెందిన పాలిమర్లను పోల్చడానికి, పూతలో రంధ్రాలున్నాయో లేదో తేల్చడానికి అంత చవకైన సాధనం ఇంకోటి లేదు. ప్రతి శాంపిల్ పక్కన కాప్టన్ ముక్క ఒకటి సాక్షిగా పెట్టండి. అది ఎంత అరిగిందో చూసి "కాప్టన్ లెక్కలో ఇంత మోతాదు" అని రాయండి. ఆషర్ సంఖ్యను ఏళ్లలోకి మాత్రం మార్చకండి.

బీమ్ పద్ధతిలో లేజర్ పల్స్‌తో ఆక్సిజన్ వాయువును బద్దలుకొట్టి సెకనుకు 8 కిలోమీటర్ల దరిదాపు వేగంతో శాంపిల్ మీదికి వదులుతారు. శక్తీ దిశా రెండూ కక్ష్యకు దగ్గర. కానీ అలాంటి సదుపాయాలు ప్రపంచంలో కొన్నే. శాంపిల్ చిన్నది, క్యూ పెద్దది. అరుగుదల సంఖ్య డిజైన్‌లోకి వెళ్లబోతోంది అనుకుంటేనే ఈ దారి పట్టండి.

తూకం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2.54 సెంటీమీటర్ల వ్యాసం, 127 మైక్రాన్ల మందం ఉన్న కాప్టన్ బిళ్ల బరువు 90 మిల్లీగ్రాముల పైచిలుకు. మామూలు గదిలో అది తన బరువులో సుమారు 1.8 శాతం నీటిని పీల్చుకుంటుంది, అంటే 1.6 మిల్లీగ్రాములు. చదరపు సెంటీమీటరుకు 10²⁰ పరమాణువులు తగిలితే పోయే బరువు 2 మిల్లీగ్రాముల చిల్లర. తేమా, అరుగుదలా దాదాపు సమానం! వాక్యూమ్‌లోంచి తీసి మైక్రోబ్యాలెన్స్ మీద పెట్టగానే చివరి అంకెలు పైకి పాకుతూనే ఉంటాయి, ఆటో మీటర్ తిరిగినట్టు. అందుకే ముందూ తర్వాతా రెండుసార్లూ రెండు మూడు రోజులు శూన్యంలో ఆరబెట్టి, తీసిన క్షణం నుంచి స్టాప్‌వాచ్ పెట్టి, ఒకే నిమిషం దగ్గర రీడింగ్ రాసుకోవాలి. ఈ పని సరిగ్గా చేయని ల్యాబ్ చేతిలో ఎంత ఖరీదైన బీమ్ ఉన్నా ఒకటే.

## కలిపి కొట్టే చాంబర్లు

యూవీ, ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు ఒకే చాంబర్‌లో, ఒకేసారి పడేలా చేసే సదుపాయాలు కొన్ని ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఒనెరా సంస్థ నడిపే సెమిరమిస్ అలాంటిదే. భూస్థిర కక్ష్య కోసం పూతలు, ఫిల్ములు పరీక్షించడానికి పేరున్నది. శాంపిల్‌ను బయటికి తీయకుండా లోపలే రంగు కొలవగలగడమే ఇలాంటి చాంబర్ల అసలు బలం.

కలిపి కొట్టడం ఎందుకంటే, విడివిడిగా హానిలేనివి కలిస్తే ప్రాణం తీస్తాయి. 1990లో వెళ్లిన హబుల్ టెలిస్కోప్ కథ తెలిసిందే. 1997లో రెండో సర్వీసింగ్‌కు వెళ్లిన వ్యోమగాములకు టెలిస్కోప్‌ను వేడి-చలి నుంచి కాపాడే దుప్పటి పై పొర, అల్యూమినియం పూసిన ఎఫ్‌ఈపీ, అక్కడక్కడా చీలి వేలాడుతూ కనిపించింది. రేడియేషన్ పాలిమర్‌ను పెళుసుగా చేసింది, వేడి-చలి చక్రాలు దాన్ని లాగి విరగ్గొట్టాయి. ఒక్క రేడియేషన్‌తో పరీక్షించి వదిలేస్తే ఫిల్మ్ పాసయ్యేది. ఒక్క థర్మల్ చక్రాలతో పరీక్షించినా పాసయ్యేది.

బడ్జెట్ ఒక్క పరీక్షకే ఉంటే, పెద్ద చాంబర్‌లో బయట కొలిచే పరీక్ష కంటే, చిన్న చాంబర్‌లో లోపలే కొలిచే పరీక్షకు ఖర్చు పెట్టండి. ఈ మాట చాలామందికి నచ్చదు, పెద్ద చాంబర్ ఫొటోలో బాగుంటుంది మరి.

## కక్ష్యకే పంపాలా?

పంపినవాళ్ల అనుభవం చూద్దాం. నాసా ఎల్‌డెఫ్ అనే బస్సంత వేదికను 1984 ఏప్రిల్‌లో 57 ప్రయోగాలతో కక్ష్యలో వదిలింది. ఏడాదిలోపు వెనక్కి తేవాలని ప్లాన్. షెడ్యూళ్లు వెనక్కి జరిగాయి, 1986లో ఛాలెంజర్ ప్రమాదం జరిగింది. చివరికి 1990 జనవరిలో తెచ్చారు, 5.7 ఏళ్ల తర్వాత. అంతరిక్ష కేంద్రం బయట నాసా మొదలుపెట్టిన మిస్సీ ప్రయోగాలదీ అదే వరస. 2001లో తగిలించిన మొదటి రెండు పెట్టెలు ఏడాదికి రావాల్సింది. కొలంబియా ప్రమాదం వల్ల 2005లో వచ్చాయి. వాటిలో రెండో పెట్టె మీద ఉన్న 41 పాలిమర్ల పరీక్షలో చదరపు సెంటీమీటరుకు 8.43 × 10²¹ పరమాణువులు తగిలాయి. కాప్టన్ లెక్కలో అది 250 మైక్రాన్ల చిల్లర. 25 మైక్రాన్ల ఫిల్మ్ అయితే పది పొరలు మాయం. ఆ బృందం ముందుచూపుతో పలచని ఫిల్ములను పొరలుగా పేర్చి పంపింది కాబట్టి సరిపోయింది. మీరు పంపితే అనుకున్నదానికి మూడింతలు ఆలస్యమైనా మిగిలేంత మందం పంపండి.

2018 నుంచి మిస్సీకి కేంద్రం బయట శాశ్వత వేదిక ఉంది. ఎదురు దిక్కు (కేంద్రం దూసుకెళ్లే వైపు), వెనక దిక్కు, పైకి, భూమి వైపు అని నాలుగు ముఖాలు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. అందరూ ఎదురు దిక్కే అడుగుతారు, ఆక్సిజన్ అక్కడే ఎక్కువని. యూవీ నష్టం మాత్రమే చూడాలనుకునేవాళ్లు అక్కడ పెడితే, పాడైన పైపొరను ఆక్సిజన్ ఎప్పటికప్పుడు తినేసి శుభ్రం చేసి పంపుతుంది. పైకి చూసే ముఖం అడగాల్సింది వాళ్లు.

ఇంకో చిక్కు, పొరుగువాళ్ల కాలుష్యం. ఎల్‌డెఫ్ తిరిగొచ్చినప్పుడు చాలా చోట్ల గోధుమరంగు మరక పరుచుకుని ఉంది. వేదిక నుంచే ఎగిరిన సిలికోన్, హైడ్రోకార్బన్ ఆవిర్లు ఎండకు మాడి అంటుకున్నాయి. సిలికోన్ ఆవిరి మీ శాంపిల్ మీద పడి, అటామిక్ ఆక్సిజన్ తగిలి గాజులాంటి పొరగా మారితే, మీ మెటీరియల్ అద్భుతంగా నిలిచినట్టు కనిపిస్తుంది. నిలిచింది ఆ పొర. కక్ష్య ఫలితాల్లో అనుమానాస్పదంగా మంచి ఫలితం కనిపిస్తే ముందు ఉపరితలంలో సిలికాన్ మూలకం కోసం వెతకండి.

అంతరిక్ష కేంద్రాన్ని 2030 ప్రాంతంలో విరమించాలన్నది ప్రస్తుత ఆలోచన. ఇప్పుడు దరఖాస్తు మొదలుపెట్టేవాళ్లు ఆ తేదీని కూడా లెక్కలో వేసుకోవాలి.

తిరిగిరాని అతిథి పేలోడ్ల మాటకొస్తే, ఇస్రో 2022 నుంచి పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశను పోయెమ్ పేరుతో ప్రయోగ వేదికగా వాడుతోంది. ఇలాంటి చోట శాంపిల్ వెనక్కి రాదు కాబట్టి మెటీరియల్ తనంతట తానే కబురు పంపాలి. సౌర ఘటమైతే కరెంటు-వోల్టేజ్ గీత, పెయింట్ అయితే దాని కింద ఉష్ణోగ్రత సెన్సర్, వాహక ఫిల్మ్ అయితే నిరోధం. గాలి తగలకుండా వచ్చే డేటా ఇది, పెయింట్ కథ లాంటి మోసం ఇందులో ఉండదు. మైక్రోస్కోప్ కింద చూడాల్సిన వాటికి మాత్రం పనికిరాదు.

## మీరు ఎవరు?

చిన్న ఉపగ్రహం కట్టే బృందం, 500 కిలోమీటర్లు, రెండేళ్ల ఆయుష్షు: కొత్త మెటీరియల్ జోలికే వెళ్లకండి. ఇప్పటికే ఎగిరినవాటి ఔట్‌గ్యాసింగ్, అరుగుదల డేటా ప్రచురితమై ఉంది. మీ కక్ష్యకు ఆక్సిజన్ మోతాదు ఎంతో యూరప్ అంతరిక్ష సంస్థ స్పెన్‌విస్ సాఫ్ట్‌వేర్‌తో లెక్కేసుకోవచ్చు. సూర్యుడి పదకొండేళ్ల చక్రంలో ఏ దశలో ఎగురుతున్నారన్నది మర్చిపోవద్దు, మోతాదు చాలా మారిపోతుంది. ఆ తర్వాత మీ అసెంబ్లీకి థర్మల్ వాక్యూమ్ చాలు.

కొత్త పాలిమర్ తయారుచేసిన పరిశోధకులు: ఔట్‌గ్యాసింగ్, ఆషర్, ఆ తర్వాత బీమ్. ఈ మూడూ అయ్యాకే కక్ష్య. నేల మీద పరీక్షించకుండా నేరుగా పంపినవాళ్లకు తిరిగొచ్చిన శాంపిల్ ఎందుకలా ఉందో చెప్పే ఆధారం ఉండదు. అన్ని శత్రువులూ కలిసి కొట్టాక ఎవరి దెబ్బ ఏదో ఎలా విడదీస్తారు?

భూస్థిర కక్ష్యకు, లేదా ఇంకా దూరానికి వెళ్లేవాళ్లు: అంతరిక్ష కేంద్రం మీద ఖర్చు వృథా. మీకు లేని శత్రువు అక్కడ ఉన్నాడు, మీ శత్రువు అక్కడ లేడు. కలిపి కొట్టే చాంబర్, లోపలి కొలత, దానికి ఛార్జింగ్ పరీక్ష జోడించండి.

చంద్రుడికి వెళ్లేవాళ్లు: నిజమైన చంద్రుడి శాంపిల్ అంటే గుర్తొచ్చేది 1967లో దిగిన సర్వేయర్ 3. అపోలో 12 వ్యోమగాములు 1969లో దాని కెమెరాను, మరికొన్ని భాగాలను కోసి తెచ్చారు. రెండున్నరేళ్లు అక్కడున్న ఆ భాగాల మీద రంగు మార్పు, ధూళి కనిపించాయి. తమాషా ఏమిటంటే, వాటి మీది కొన్ని గీతలు వ్యోమగాముల ల్యాండర్ దిగేటప్పుడు ఎగరేసిన ధూళి చేసినవే. కాబట్టి మీ చాంబర్‌లో నిశ్చలంగా పడుకున్న ధూళిని మాత్రమే పరీక్షిస్తే సరిపోదు, వేగంగా ఎగిరొచ్చే ధూళినీ పరీక్షించాలి.

ఏ దారి పట్టినా ప్రతి శాంపిల్‌కు ఒక కవల ముక్క ఉండాలి. ఒకే షీటులోంచి, పక్కపక్కనే కోసినది. అది నేల మీద, చీకట్లో, పొడి నత్రజని సంచిలో ఉంటుంది. నంబరు సంచి మీద రాయండి, శాంపిల్ మీద వద్దు. మార్కర్ సిరా కూడా ఔట్‌గ్యాస్ అవుతుంది.